గుండెమీది తప్పెట

జులై 5, 1999. సోమవారం

ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు సుందరరామయ్యగారు నన్ను పిలిచి ఈ నోటుబుక్కు చేతిలో పెట్టారు. డిసెంబరు దాకా స్కూల్లో జరిగే కళలు, ఆటలు, సేవా కార్యక్రమాలు మూడూ ఇందులో రాయాలట. చివర్లో స్కూలు పత్రికలో అచ్చు వేస్తారట. "మీ చేతిరాత బావుంటుంది పద్మకుమారిగారూ. తెలుగు టీచరు, మీరే రాయాలి" అన్నారు. చేతిరాత బాగుందని ఇన్నేళ్ళలో నా నెత్తిన పడ్డ పనులు రాస్తే ఈ పుస్తకం చాలదు.

రెండు వందల పేజీలు. ముందు వైపు స్కూలుకి. వెనక నుంచి తిరగేసి నాకోసం రాసుకుంటున్నాను. పుస్తకాన్ని వెనక నుంచి ఎవరూ తెరవరు.

కద్మాలో ఉక్కు కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఇదే ఊళ్ళో రైల్వే యార్డు పక్కన బాగ్‌బేరా వచ్చి నాలుగు నెలలు దాటింది. మావారు ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నారు. ఇరవై ఆరేళ్ళు రోలింగ్ మిల్లులో నిలబడ్డ మనిషి. నలభై ఏడేళ్ళకే ఎందుకని అందరూ అడిగారు. అలసిపోయారు, విశ్రాంతి కావాలి, అంతే. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరికీ నా జీతం సరిపోతుంది.

ఆయన బాగానే ఉన్నారు.

జులై 9

టీ చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పలకలేదు. నేను ఉద్యోగానికి వెళ్తుంటే తాను ఇంట్లో ఉండిపోతున్నాననే కోపం కాబోలు. కోపం నాకూ ఉంటుంది. రేపటి నుంచి పిలవను.

జులై 10

పిలవలేదు. ఆయన గమనించినట్టు కూడా లేదు.

జులై 22

రోజూ పొద్దున్నే రైల్వే యార్డు వైపు నడకకి వెళ్తున్నారు. వచ్చేసరికి చెప్పుల నిండా బొగ్గు దుమ్ము. ఏం చూస్తారక్కడ అని అడిగితే జవాబు లేదు. మంచిదే. గాలి తగులుతుంది. మంచిదే.

ఆగస్టు 3, మంగళవారం

ఆడపిల్లల ఖోఖో జట్టును ఎంపిక చేశారు. ముందు పేజీల్లో పన్నెండు పేర్లు రాశాను. కెప్టెన్ సోనీ, తొమ్మిదో తరగతి. మా వీధి చివర రైల్వే క్వార్టర్లలో ఉంటుంది. నాయనమ్మ సన్యాసమ్మ పలాస మనిషి, తెలుగు తప్ప ఇంకోటి రాదు. మనవరాలికి హిందీ తప్ప ఇంకోటి రుచించదు. నేను తెలుగులో అడుగుతాను, తను హిందీలో చెబుతుంది. మూడేళ్ళుగా ఇలాగే పాఠం నడుస్తోంది.

ఆ పిల్ల పరుగెత్తుతుంటే చూశాను. ముందుకు వెళ్తూ వెళ్తూ ఒక్క అడుగులో వెనక్కి తిరుగుతుంది. శరీరంలో ఎముకలున్నాయో నీళ్ళున్నాయో అర్థం కాలేదు.

ఆట అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మిస్, మైనే అంకుల్ కో నమస్తే కహా, దో బార్. ఉన్హోంనే దేఖా తక్ నహీ" అంది. రెండుసార్లు నమస్తే చెప్పినా చూడలేదట. ఏదో ఆలోచనలో ఉంటారులే అన్నాను.

ఆగస్టు 15

జెండా పండక్కి ఆయన కూడా వచ్చారు. సుందరరామయ్యగారు చెయ్యి కలిపి, "ఆరోగ్యం ఎలా ఉందండీ పోలరాజుగారూ?" అని అడిగారు.

ఆయన నవ్వుతూ "పదిన్నరకండి" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ధ్యాస ఎక్కడో పెట్టుకుని మాట్లాడతారు.

ఆగస్టు 29

టీవీ సౌండు తగ్గించమని పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు. తగ్గించాను. ఆయన ఏమీ అనలేదు. అలాగే చూస్తూ కూర్చున్నారు.

సెప్టెంబరు 11, శనివారం

మూడుసార్లు పుస్తకం తెరిచి మూసేశాను. అయినా రాయాలి.

పొద్దున ఏడున్నరకి ఎవరో తలుపు దబదబ బాదారు. తీస్తే సోనీ. మోకాలు చెక్కుకుపోయి సాక్సు దాకా రక్తం కారింది. దాని వెనకాల ఆయన, అరచేతుల నిండా కంకర గీతలతో.

"మిస్, అంకుల్ కో సంభాలియే!" అంది, ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమని. ఏడుస్తోంది. కోపంగా కూడా ఉంది. "ఇంజన్ వచ్చింది మిస్, పీఛే సే! హార్న్ బజాతా హీ జా రహా థా. అంకుల్ ముడే హీ నహీ!"

సోనీ ప్రాక్టీసుకని యార్డు పక్క రోడ్డులో పరుగెడుతోందట. ఆయన పట్టాల మధ్య నిలబడి ఉన్నారట. వెనక నుంచి షంటింగ్ ఇంజను పెట్టెల్ని తోసుకుంటూ వస్తోంది. హారన్ కొడుతోంది, డ్రైవరు అరుస్తున్నాడు, ఆయన తిరగలేదు. ఈ పిల్ల పట్టాలు దాటి వెళ్ళి వీపు మీద పడి తోసేసింది. ఇద్దరూ కంకర మీద దొర్లారు. పెట్టెలు పక్క నుంచి వెళ్ళిపోయాయి.

ముప్పై కిలోలు కూడా ఉండని పిల్ల.

దాని మోకాలు కడిగి, పసుపు రాసి, గుడ్డ కట్టి ఇంటికి పంపాను. తలుపు వేసి ఆయన మీద విరుచుకుపడ్డాను. జులై నుంచి నా మనసులో ఉన్నదే, ఈ పుస్తకంలో కూడా రాయడానికి భయపడ్డదే అరిచాను. "ఎందుకు వెళ్తున్నారక్కడికి? చచ్చిపోదామనా? నన్నొదిలేసి పోదామనా?"

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నా నోటి వైపు చూస్తున్నారు. ఒకటో తరగతి పిల్లవాడు బోర్డు వైపు చూసినట్టు, కళ్ళు చిట్లించి.

"మెల్లగా చెప్పు పద్మా" అన్నారు. "అరవకు. అరిస్తే నోరు వంకరపోతాది. నాకు తెలవదు."



"ఎన్నాళ్ళయింది?" మెల్లగా అడిగాను.

మూడు వేళ్ళు చూపించారు. "మూడేళ్ళు. ముందు ఎడమ సెవి. మొన్న సలికాలం కుడిదీ పోనాది. మిల్లులో ఒకరోజు నా ఎనకాల క్రేన్ వచ్చిందట. గంట కొట్టారంట. నాకు తెలవనేదు. నా మూలాన ఇంకొకడి పేణం పోతాదని బయమేసి కాగితం రాసిచ్చేసినాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు నాతో మాటాడ్డం మానేత్తావనుకున్నాను." మెల్లగా, "ఎలాగా మానేసినావు" అన్నారు.

మరి యార్డుకి ఎందుకని అడిగాను. చేత్తో అటు చూపించాను.

"అక్కడ కాళ్ళకి ఇనపడతాది పద్మా. గూడ్సు వచ్చినప్పుడు నేల అదురుతాది. అరికాళ్ళ నుంచి ఇక్కడి దాకా వత్తాది." చెయ్యి గుండె మీద పెట్టుకున్నారు. "ఇంట్లో ఏటీ రాదు. ఇవాళ రెండు పక్కలా బళ్ళు ఒకేపాలి కదిలినాయి. ఏది ఎటు వత్తందో తెలవనేదు. సావడానికి ఎల్లనేదు."

ఆయన ముందు వైపు వెళ్ళి, నోరు బాగా కనబడేలా కూర్చుని, ఒక్కొక్క మాటే చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను.

సెప్టెంబరు 16

డాక్టరు చూశారు. నరం పోయిందట. మెషిను పెట్టినా లాభం ఉండదన్నారు. మిల్లు మోతా, ఎప్పటిదో జ్వరమా, వంశమా అంటే తేల్చి చెప్పలేనన్నారు. తిరుగు ఆటోలో ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పెళ్ళయి ఇరవై ఒక్క ఏళ్ళయింది, బజార్లో ఎప్పుడూ పట్టుకోలేదు.

సెప్టెంబరు 25, శనివారం

ముందు పేజీల్లో రాసింది: అంతర పాఠశాలల ఖోఖో పోటీల్లో మన బాలికల జట్టు రెండో స్థానం.

ఇక్కడ రాయాల్సింది వేరే. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. రానన్నారు. సోనీ ఇంటికొచ్చి ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు సాగదీసి, "అం-కుల్, చ-లి-యే" అంది. ఇక లేచారు.

వరసగా కూర్చున్న పిల్లలు ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తుంటారు. వెనక నుంచి వచ్చిన పిల్ల వీపు మీద చరిచి "ఖో" అంటే, కూర్చున్నది లేచి తరుముతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. నాకు ఆ అరుపే ఆట. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఊపారు.

"సూడు పద్మా! ఎనక్కి తిరిగి సూడ్డం నేదు. వీపు మీద సెయ్యి పడగానే లెగిసిపోతన్నారు. ఎంత నమ్మకమో సూడు!"

ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. పిల్లలు ఏడ్చారు. ఆయన మాత్రం తిరిగి వచ్చే దారంతా ఆ నమ్మకం గురించే మాట్లాడారు. ఈ మధ్య ఒకేసారి అన్ని మాటలు ఆయన నోట వినలేదు.

ఇప్పుడు ఆయన్ని పిలవాలంటే వెనక నుంచి వెళ్ళి వీపు మీద చెయ్యి వేస్తున్నాను. వెంటనే తిరుగుతున్నారు.

అక్టోబరు 19. దసరా

తుపాను. మొన్న గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటిందట. ఆయన అక్క నూకమ్మ వదిన ఊరు ఇచ్ఛాపురం దాటాక సముద్రం పక్కన. ఎస్టీడీ బూత్‌లో రెండు గంటలు నిలబడ్డాను. లైను కలవలేదు. నేను ఆ ఊరు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయన తీసుకెళ్ళలేదు, నేను అడగలేదు.

అక్టోబరు 24, ఆదివారం

వదిన వచ్చింది! రెండు బళ్ళు మారి, ఒక్క సంచీతో. ఇంటి కప్పు ఎగిరిపోయిందట. కొబ్బరి చెట్లన్నీ మొండాలట. మనిషి మాత్రం గుమ్మంలో నిలబడి చెంబెడు నీళ్ళు తాగి మొదలుపెట్టింది. "ఓరి తమ్ముడా, గాలంటే గాలి కాదురా, రైలుబండి ఇంటి మీంచి ఎల్లినట్టు..." ఆయన నవ్వు మొహంతో చూస్తూ నిలబడ్డారు. 

వదిన నా వైపు తిరిగింది. "ఏటే పద్మా, వీడు పలకడేటి? ఏటైనాది వీడికి?"

చెప్పాను.

వదిన సంచీ కింద పెట్టింది.  దగ్గరికెళ్ళి రెండు అరచేతులూ ఆయన గుండె మీద ఆనించి కొట్టడం మొదలుపెట్టింది. ముందు నెమ్మదిగా, తర్వాత వడివడిగా. ఏదో వరస, మధ్యలో ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. మడమ లేచింది. రెండో మడమ లేచింది.

మా ముందు గదిలో, నీళ్ళ బిందెకీ టీవీ బల్లకీ మధ్య ఉన్న రెండు గజాల జాగాలో, ఆయన గంతు వేశారు. ఒంటికాలి మీద చుట్టు తిరిగి, నేల తాకి, గాల్లోకి లేచి, వదిన చేతులు ఆగిన చోటే ఆగారు. సరిగ్గా ఆగిన చోటే. అంత పెద్ద మనిషి లేచి పడితే బిందెలో నీళ్ళు తొణకలేదు.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఈయనెవరు?

"మా అయ్య తప్పెటగుళ్ళ గురువమ్మా" అంది వదిన రొప్పుతూ. "రేకు తప్పెట గుండెకి కట్టుకుని వాయిత్తా ఆడతారు సూడు, అది. పదారు మంది ఒకరి మీద ఒకరెక్కితే పైన నిలబడే గుంటడు వీడే. ఏడేళ్ళప్పట్నించి. నీకు సెప్పనేదా?" నవ్వింది. "సదువుకున్న పిల్లని సేసుకుంతన్నాను, ఎవులూ సెప్పకండని ఒట్టేయించుకున్నాడు."

నేను పదహారేళ్ళుగా స్కూల్లో జానపద కళల పాఠం చెబుతున్నాను. అందులో తప్పెటగుళ్ళు రెండు మార్కుల ప్రశ్న.

అక్టోబరు 30

రెండో తుపాను నిన్న జగత్‌సింగ్‌పూర్ వైపు ఒడ్డు దాటింది. మొదటిది దీని ముందు చిన్నపిల్లట. స్టాఫ్ రూములో అందరం రేడియో చుట్టూ చేరాం. చనిపోయినవాళ్ళ లెక్కలు చెబుతున్నారు. పది గంటలకి చెప్పిన లెక్క పన్నెండుకి మారిపోతోంది.

వదిన వార్తలు విని, "ఇంక మా తుపాన్ని అందరూ మర్సిపోతారు" అంది. తప్పుపట్టడం లేదు. ఊరికే అంది.

నవంబరు 2

సుందరరామయ్యగారు మీటింగు పెట్టారు. ఈసారి వార్షికోత్సవానికి ముఖ్య అతిథి లేడు, బహుమతులు లేవు. డిసెంబరు పద్దెనిమిదిన తుపాను బాధితుల కోసం ఒకే కార్యక్రమం. చూడ్డానికి వచ్చేవాళ్ళు మనిషికో దుప్పటి గానీ రెండు కిలోల బియ్యం గానీ తేవాలి.

"పిల్లలతో ఏం చేయిద్దాం?" అన్నారు.

నేను లేచి తప్పెటగుళ్ళు అన్నాను. ఎవరు నేర్పుతారంటే మావారు అన్నాను.  ఆగస్టు పదిహేనున నవ్వినవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

నవంబరు 3

ఆయన ఒప్పుకోలేదు. "సెవిటోడు తాళం నేర్పుతాడేటి? గుంటలు నవ్వుతారు పద్మా. నిన్నూ నవ్వుతారు."

నవంబరు 5

ఖోఖో జట్టంతా ఇంటికొచ్చింది. పన్నెండు మంది, గుమ్మం బయట చెప్పుల గుట్ట. సోనీ ఆయన ఎదుట నిలబడింది. తెలుగులో చెప్పాలని ముందే అనుకుని వచ్చినట్టుంది, కష్టపడి కూడబలుక్కుంది. "అంకుల్. మేము... నవ్వము. నేర్పించండి."

ఆయనకి పెదాలు అర్థమయ్యాయి. వదిన వైపు చూశారు. వదిన అప్పటికే కొంగు బిగిస్తోంది.

నవంబరు 9

బాగ్‌బేరా బజార్లో రేకు పనివాడు చినబాబు తప్పెటలు చేసిపెట్టాడు, పిల్లలకి పన్నెండు, ఆయనకి ఒకటి. పళ్ళెం కన్నా కొంచెం పెద్దవి. ఆయన ఒక్కొక్కటే గుండెకి ఆనించి, వేళ్ళతో కొట్టి, కళ్ళు మూసుకుని చూశారు. మూడు వెనక్కి ఇచ్చేశారు. "ఇవి మోగుతున్నాయి కదా, బాగానే" అన్నాడు చినబాబు. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను ఉంచినదీ వద్దన్నదీ రెండూ మోగించి చూశాను. తేడా నాకు తెలియలేదు. చినబాబుకీ తెలియలేదు. మూడూ మళ్ళీ చేశాడు.

నవంబరు 12

సిమెంటు మీద వద్దట. చెక్కల స్టేజీ కావాలట. కాళ్ళకి చెప్పుల్లేకుండా మధ్యలో నిలబడతారు. పన్నెండు మంది అడుగులేస్తుంటే ఒక్క పిల్ల అరక్షణం ఆలస్యమైతే చాలు, అటు తిరిగి వేలు చూపిస్తారు. వీపు వెనకున్న పిల్లని! సంగీతం టీచరు మూడు రోజులుగా వచ్చి చూస్తోంది. ఇవాళ నాతో, "నాకు రెండు చెవులున్నాయండీ, నేను పట్టుకోలేకపోతున్నాను" అంది.

నవంబరు 15

సన్యాసమ్మగారు కర్ర పట్టుకుని ప్రాక్టీసుకి వచ్చింది. "ఆడగుంటలు ఒకరి బుజాలు ఒకరెక్కడమేటి? మా ఊర్లో మగోళ్ళు ఆడేది! ఇదేం సదువు, ఇదేం బడి!"

వదిన నడుం మీద చేతులు వేసుకుంది. "అమ్మా, తుపానొచ్చిన నాడు మా ఊర్లో ముసిలోళ్ళని బుజాల మీద ఎక్కించుకుని బడి మేడ మీదికి సేర్సింది ఎవులనుకున్నావు? మగోళ్ళు సగం మంది పనులకని సూరత్‌లో ఉన్నారు. ఆడోళ్ళమే మోసినాము. ఎక్కడం, మొయ్యడం ఆడోళ్ళకి ఇప్పుడు నేర్పేదేటి?"

ముసలావిడ కర్ర పక్కన పెట్టింది. సాయంత్రం దాకా కూర్చుని, వెళ్తూ వెళ్తూ, "ఆ సివర పిల్ల కాలు వంకరగా ఏత్తంది, సూసుకోండి" అని వెళ్ళింది.

నవంబరు 27, శనివారం

పడిపోయారు. మూడు వరసలు నిలబడ్డాయి. సోనీ పైకి చేరింది. కింద ఉన్న పిల్ల "అంకుల్, జారుతోంది, జారుతోంది" అని రెండుసార్లు అరిచింది. ఆయన వాళ్ళకి వీపు పెట్టి వదినకి ఏదో చెబుతున్నారు. నేను అందుకునేలోపు అంతా కుప్ప. దేవుడి దయ, పరుపులు వేసి ఉన్నాయి. ఒక్క పిల్లకి మణికట్టు బెణికింది.

ఆయన తప్పెట విప్పేసి ఇంటికి నడిచారు.

"అరిసింది కదా. అరిసింది, నాకు ఇనపడనేదు. మిల్లులో ఏ బయానికి బయటికొచ్చినానో అదే ఇక్కడ సేసినాను. ఇంక వద్దు పద్మా."

నేనూ వద్దనే అనుకుంటున్నాను. నిజం రాయాలంటే, ఆ కుప్ప చూసినప్పుడు నాకూ అదే అనిపించింది, తప్పు చేశామని.

నవంబరు 29

సోనీ వచ్చింది. ఒక కాగితం మీద బొమ్మ గీసి తెచ్చింది. అడుగు వరసలో ఐదు గుండ్రాలు, వాటి మీద మూడు, ఆపైన ఒకటి. అడుగు వరస మధ్య గుండ్రం మీద వేలు పెట్టి, ఆ వేలుని ఆయన ఛాతీ మీద పెట్టింది.

"ఆప్ యహా. మీరు ఇక్కడ. బయట కాదు." ఆయన వెనక్కి వెళ్ళి వీపు మీద అరచెయ్యి వేసి, మళ్ళీ ఎదురుగా వచ్చింది. "జారితే... చెయ్యి. ఖో."

ఆయన ఆ కాగితం మీది మధ్య గుండ్రాన్ని వేలితో తాకారు.

"నా బుజం మీద కాలు వణికితే నాకు తెలుస్తాది" అన్నారు. "అరుపు అక్కర్నేదు." నా వైపు తిరిగి, "నలబై ఏడేళ్ళోడు అడుగున నిలబడగలడంటావా?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను. నిలబడి చూడండి అన్నాను.

డిసెంబరు 4

నిలబడ్డారు.

డిసెంబరు 11

ఏడుసార్లు కట్టారు. ఏడుసార్లూ నిలిచింది. ఒకసారి మధ్య వరసలో పిల్ల మడమ అదిరిందట. నాకు కనబడలేదు, ఆ పిల్లకే తెలియలేదు. ఆయన ఒక చెయ్యి ఎత్తారు, అంతా వరసగా దిగిపోయారు. పాదం చూస్తే అరికాలిలో ముల్లు.

డిసెంబరు 19, ఆదివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న రాయడానికి చేతకాలేదు.

సాయంత్రం నాలుగున్నరకే హాలు నిండిపోయింది. గోవింద్‌పూర్ నుంచి ట్రక్కు ఫ్యాక్టరీ కుటుంబాలు బస్సు మాట్లాడుకుని వచ్చాయి. గుమ్మం దగ్గర బియ్యం గోనెలు, దుప్పట్ల కొండ. పిల్లలు ఖోఖో బట్టల్లోనే ఉన్నారు, నడుముకి ఎర్ర గుడ్డ, కాళ్ళకి గజ్జెలు, గుండె మీద తప్పెటలు. మధ్యలో ఆయన. పక్కన మైకు ముందు వదిన. పాట తనే కట్టింది.

"గాలమ్మ వచ్చింది గడప దాటింది,
కప్పంతా ఎత్తుకుని కబురెట్టి ఎల్లింది..."

పదమూడు తప్పెటలు ఒక్కసారి పలికాయి. నా పక్కనున్న పాప తల్లి ఒళ్ళో ముడుచుకుంది. ఆ మోత చెవితో వినేది కాదు. పక్కటెముకల మధ్య దూరి కూర్చుంటుంది. ఆయన దేని గురించి చెబుతూ వచ్చారో నాకు నిన్ననే తెలిసింది.

రెండో పాటలో మైకు ఆగిపోయింది. వదిన పాడుతూనే ఉంది, కానీ హాలు గోలలో మొదటి వరసలో ఉన్న నాకే వినపడలేదు. పిల్లలకి పాట తప్పిపోయింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇద్దరి అడుగులు తడబడ్డాయి. సుందరరామయ్యగారు సగం లేచి నిలబడ్డారు.

ఆయనకి మాత్రం ఏమీ తెలియదు. ఆయన ఆడుతూనే ఉన్నారు. పాట ఆయన ఒంట్లోనే ఉంది. వదిన పెదాలు ఎక్కడున్నాయో ఆయన అడుగు అక్కడే ఉంది. ముందు సోనీ చూసింది. పాట వెతకడం మానేసి ఆయన కాళ్ళ మీద కళ్ళు పెట్టింది. దాని వెనక ఇంకొకరు, ఆపైన అందరూ. నాలుగు అడుగుల్లో పన్నెండు మందీ మళ్ళీ ఒక్కటైపోయారు. ఆ హాల్లో నాలుగు వందల మందిమి చెవులున్నవాళ్ళం. దారి తప్పనివాడు ఆయనొక్కడే.

కట్టడం మొదలైంది. అడుగున నలుగురు, మధ్యలో ఆయన. వాళ్ళ మీద ముగ్గురు. సోనీ నెత్తి మీద నిండా నీళ్ళున్న ఇత్తడి చెంబు పెట్టుకుని, చెయ్యి పెట్టకుండా, భుజాల మీద అడుగులేసుకుంటూ పైకి వెళ్ళింది. తప్పెటలు మోగుతూనే ఉన్నాయి. పైన నిలబడి తనూ వాయించింది. ఒక్క చుక్క కారలేదు. కింద ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నుదుటి మీద నరం, మెడ మీద చెమట. మొహంలో నేను ఇరవై ఒక్క ఏళ్ళలో చూడని శాంతం. అంతమంది పిల్లల బరువు మోస్తూ ఎవరైనా అలా ఉంటారా?

హాలంతా లేచి నిలబడింది. సన్యాసమ్మగారు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చప్పట్లు కొట్టడం మర్చిపోయాను.

తెర పడ్డాక లోపలికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. తిరిగి, వదిన వైపు చూపిస్తూ, రొప్పుతూ అడిగారు, "అప్ప పాట బాగా పాడినాదా?"

"రెండో పాట మాకు వినపడలేదు" అన్నాను, పెదాలు కనబడేలా. "మైకు పోయింది."

 "మీకూ ఇనపడనేదా?"

"ఎవరికీ."

నవ్వడం మొదలుపెట్టారు. గోడకి చేరబడి, తప్పెట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. వదిన నవ్వింది, పిల్లలు నవ్వారు. సోనీ నెత్తి మీది చెంబు అప్పుడు ఒలికింది.

డిసెంబరు 21

రెండు లారీలు. పెద్దది జగత్‌సింగ్‌పూర్ వైపు. చిన్నది, వదిన పట్టుబట్టినందుకు, మొదటి తుపాను ఊళ్ళకి. దానితో వదిన, కప్పు వేయడానికి ఆయన. నేను సామాన్లు సర్ది, దారికి పులిహోర కట్టి, వీధి చివర దాకా సాగనంపడానికి వెళ్ళాను.

లారీ కదలబోతుంటే వదిన కిటికీలోంచి, "నువ్వెప్పుడొత్తావే మా ఊరికి, సదువుకున్నమ్మా?" అంది. ఎగతాళికే అంది.

బడికి సెలవులు. ఇంటికి తాళం వేసే వచ్చాను. ఎక్కాను.

డిసెంబరు 24, శుక్రవారం

ఊరు కాదు ఇది. ఇసక, మొండాలు, నీలం టార్పాలిన్లు. సముద్రం మాత్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. దుప్పట్లు పంచుతుంటే ఒక్కరూ తోసుకోలేదు. ఒక ముసలమ్మ రెండు ఇస్తే ఒకటి తిరిగిచ్చి, పక్క టార్పాలిన్ వైపు చూపించింది. ఇలాంటి మనుషులున్న ఊరికి ఇన్నేళ్ళు రాకుండా ఎలా ఉన్నాను?

సాయంత్రం బడి ముందు నలుగురు ముసలివాళ్ళు వచ్చి నిలబడ్డారు. మామగారి దళంలో ఆడినవాళ్ళట. వాళ్ళలో సీనయ్య అనే ఆయన తప్పెట మెడలో వేసుకుని వచ్చాడు. వయసు డెబ్భై పైనే ఉంటుంది. చుట్టూ ముప్పై, నలభై మంది చేరారు.

"ఒరే పోలా, మీ అయ్య పోయాక ఈ ఊర్లో తప్పెట మోగనేదు. ఒక్క వరస ఆడరా" అన్నాడు సీనయ్య.

ఆయన నా వైపు చూశారు. సీనయ్య ఏమన్నాడో చెప్పబోయాను. చేత్తో ఆపారు. నలుగురి మధ్యకి నడిచారు. చెప్పులు విడిచారు. అందరికీ వినపడేలా, ఆ గొంతు ఎంత పెద్దదో తనకే తెలియకుండా, చెప్పారు.

"నాకు సెవులు రెండూ పోనాయి సీనయ్యా. ఏటీ ఇనపడదు. దగ్గరకొచ్చి కొట్టు."

ఎవరూ నవ్వలేదు. సీనయ్య మెడలోని తప్పెట తీసి, దగ్గరికి వచ్చి, ఆయన గుండెకి ఆనించి పట్టుకున్నాడు. మొదటి దెబ్బ కొట్టాడు.

ఇసకలోంచి ఆయన మడమ లేచింది.